ఎండాకాలంలో ఊరికి చెట్టు ఇచ్చే చల్లదనం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగాది దాటి ఎండలు ముదిరేసరికి ప్రతి ఏడాదీ ఇవే సందేహాలు నా దగ్గరికి వస్తాయి. హైదరాబాద్‌లో మా కాలనీ చెట్ల సంగతి చాలాకాలంగా చూసుకుంటున్నాను కాబట్టి అడుగుతారు, నేనూ చెప్పిందే చెబుతూ ఉంటాను. ఈసారి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు, ముందువి చదవకపోయినా ఇబ్బంది లేదు. 2015 మేలో వచ్చిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్ళే. అందుకే ఈ విషయం నాకు తోటపని సరదా మాత్రమే కాదు.

## అసలు చెట్టు ఎలా చల్లబరుస్తుంది

చెట్టు కింద నిజంగానే చల్లగా ఉంటుందా, మనకి అలా అనిపిస్తుందా?

నిజంగానే ఉంటుంది. కాకపోతే థర్మామీటర్ పట్టుకుని వెళ్తే నిరాశపడతారు, ఎందుకంటే ఒక్క చెట్టు కింద గాలి వేడి పక్క ఎండలో కంటే ఒకటి రెండు డిగ్రీలే తక్కువ చూపించవచ్చు. మన ఒంటికి తెలిసే వేడి గాలిది ఒక్కటే కాదు కదా, పైనుంచి సూటిగా పడే ఎండ, కింద రోడ్డు నుంచీ పక్క గోడ నుంచీ కొట్టే సెగ కూడా ఉంటాయి. గుబురుగా ఉన్న చెట్టు వేసవి ఎండలో 70 నుంచి 90 శాతం దాకా పైనే ఆపేస్తుంది. నీడలో ఉన్న నేలా గోడా ఎండలో ఉన్నవాటి కంటే 11 నుంచి 25 డిగ్రీలు చల్లగా ఉంటాయని కొలతలున్నాయి. నమ్మకం కుదరకపోతే మధ్యాహ్నం రెండింటికి రెండు స్కూటర్ల సీట్ల మీద అరిచెయ్యి పెట్టి చూడండి, ఒకటి కానుగ చెట్టు కింద పెట్టింది, ఒకటి ఎండలో పెట్టింది. రెండోదాని మీద చెయ్యి నిలవదు.

ఆకుల నుంచి నీళ్ళు ఆవిరవుతాయి అంటారు, దానికీ చల్లదనానికీ ఏం సంబంధం?

మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ ఇదే పద్ధతిలో. కుండ చెమర్చి ఆ తడి ఆవిరైపోతూ వేడిని తీసుకెళ్తుంది. చెట్టు కూడా వేళ్ళతో నీళ్ళు లాగి, ఆకు అడుగున ఎక్కువగా ఉండే సన్నని పత్రరంధ్రాల గుండా ఆవిరిగా వదులుతుంది. ఒక లీటరు నీళ్ళు అలా ఆవిరి కావడానికి దాదాపు 0.68 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి కావాలి, ఆ వేడి ఆకు నుంచీ చుట్టూ ఉన్న గాలి నుంచీ పోతుంది. నేలలో తడి లేకపోతే మాత్రం చెట్టు తనను తాను కాపాడుకోవడానికి ఆ రంధ్రాలు మూసేసుకుంటుంది. అప్పుడు నీడ మిగులుతుంది గానీ ఈ చలువ ఉండదు.

ఒక చెట్టు పది ఏసీలతో సమానమని వాట్సాప్‌లో తిరుగుతోంది, నిజమేనా?

లెక్కలో కొంత నిజం ఉంది, అర్థం చేసుకోవడంలో పొరపాటు ఉంది. బాగా నీళ్ళు అందే పెద్ద చెట్టు రోజుకి 100 లీటర్లు ఆవిరిగా వదిలిందనుకుందాం, అంటే 68 యూనిట్ల వేడి పోయినట్టు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒకటి పదమూడు గంటలు ఆగకుండా నడిస్తే గదిలోంచి తీసేసే వేడి కూడా ఇంచుమించు అంతే. అయితే ఏసీ ఆ పని తలుపులు మూసిన గదిలో చేస్తుంది, చెట్టు ఆరుబయట చేస్తుంది. ఆ చల్లదనం గాలికి నలుగురికీ పంచుకుపోతుంది కాబట్టి మీ హాల్లో 24 డిగ్రీలు కనపడవు. ఏసీ గదిలోని వేడిని తీసి వీధిలోకి కొడుతుందన్నదీ మర్చిపోవద్దు. చెట్టు వల్ల వీధికి అలాంటి బరువు లేదు.

మా ఊళ్ళో కంటే సిటీలో రాత్రిపూట కూడా ఎందుకింత ఉడుకు?

తారు, కాంక్రీటు పగలంతా ఎండని తాగి చీకటిపడ్డాక మెల్లగా వదులుతాయి. పొలం, చెట్టు, చెరువు ఉన్నచోట ఆ వేడిలో చాలా భాగం పగలే నీళ్ళను ఆవిరి చేయడానికి ఖర్చైపోతుంది. సిటీలో ఆవిరి కావడానికి తడే లేదు, అందుకే అంతా గోడల్లోకీ రోడ్లలోకీ ఎక్కుతుంది. దానికి తోడు వాహనాల వేడి, ఏసీల వేడి. రాత్రి ఒళ్ళు చల్లబడకపోతే మర్నాటి ఎండ తట్టుకోవడం కష్టం. ముసలివాళ్ళు వడగాడ్పుల్లో దెబ్బతినడానికి ఇదీ ఒక కారణం. పగలు గోడ మీద ఎండ పడకుండా చూస్తే రాత్రికి ఆ గోడ దగ్గర వదలడానికి అంత వేడి ఉండదు.

మాది విజయవాడ, ఉక్కపోత ఊరు. చెట్లు పెడితే ఉక్క ఇంకా పెరగదా?

మంచి ప్రశ్న. గాలిలో ముందే తేమ ఎక్కువ ఉన్నచోట ఆకుల నుంచి ఆవిరయ్యేది తగ్గుతుంది, దాని చలువ హైదరాబాద్, అనంతపురం లాంటి పొడి చోట్ల తెలిసినంతగా తెలియదు. కానీ నీడకి తేమతో పనిలేదు. నెత్తి మీద ఎండ ఆగితే ఎక్కడైనా హాయే. కోస్తాలో మీరు చూసుకోవలసింది గాలి. కాంపౌండ్ గోడ పొడవునా కింది నుంచీ గుబురు పొదలు కట్టేస్తే గాలి ఆగి ఉక్క నిజంగానే పెరుగుతుంది. అందుకని మనిషి ఎత్తు దాటాక కొమ్మలు వేసే చెట్టు, కింద ఖాళీ, పైన గొడుగు, అలా ఉండేట్టు పెంచండి.

చెట్లు నాటితే సిటీ మొత్తానికి ఎన్ని డిగ్రీలు తగ్గుతుంది?

సగటు తీస్తే చిన్న అంకెలే కనిపిస్తాయి. 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఒకటి 93 ఐరోపా నగరాలను లెక్కగట్టి, నగరం నేలలో 30 శాతం మేర చెట్ల గొడుగు కమ్మితే నగరం సగటున 0.4 డిగ్రీలు చల్లబడుతుందని, నగరం అదనపు వేడి వల్ల జరిగే మరణాల్లో మూడోవంతుకు పైగా తప్పించవచ్చని చెప్పింది. అరడిగ్రీ కూడా కాదు, అయినా అన్ని ప్రాణాలు. కొలంబియాలోని మెడెయిన్ నగరం 2016 నుంచి రోడ్ల వెంట, కాలువల వెంట 30 పచ్చటి దారులు వేసుకుంటే ఆ చోట్ల దాదాపు 2 డిగ్రీలు తగ్గిందని చెబుతారు. చెట్లు పలచగా ఊరంతా చల్లినట్టు ఉంటే తేడా తెలియదు, ఒక వీధి అంతటా కొమ్మకి కొమ్మ తగిలేలా ఉంటే తెలుస్తుంది. సాయంత్రం హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు పక్కనుంచి స్కూటర్ మీద వెళ్ళినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

## ఏ మొక్క, ఎక్కడ

ఇంటికి ఏ వైపు నాటితే ఎక్కువ లాభం?

పడమర, ఆ తర్వాత వాయవ్యం, తూర్పు. ఇంగ్లీషు పుస్తకాలు చూసి దక్షిణం వైపు నాటమని చెప్పేవాళ్ళున్నారు, అది మనకంటే బాగా ఉత్తరాన ఉన్న చలిదేశాల లెక్క. హైదరాబాద్‌లో మే రెండో వారం ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, నిటారు కర్రకి నీడే పడదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. అంటే వేసవి నడిమధ్యలో దక్షిణపు గోడకి పెద్దగా ఎండే తగలదు, సాయంత్రం మూడింటి నుంచి ఆరింటి దాకా పడమర గోడ కాలిపోతుంది. పడకగది పడమరకి ఉంటే అటు ఒక్క చెట్టు ఉన్నా రాత్రి నిద్ర మారిపోతుంది.

ఎండాకాలంలో నీడ కావాలంటే ఏ చెట్టు మంచిది?

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, పువ్వు చూసో పేరు చూసో నాటతారు, ఏప్రిల్ మే నెలల్లో దాని మీద ఆకు ఉంటుందా అని ఎవరూ చూడరు. తురాయి ఎంత అందమో నాకూ తెలుసు, కానీ నీడ కావలసిన రోజుల్లో దాని మీద ఎర్రటి పూలే ఎక్కువ, ఆకు పలచన. టేకు వేసవంతా మోడుగా నిలబడుతుంది. నిలువు అశోక అని గేట్ల పక్కన వరసగా పెట్టేది స్తంభంలా పెరుగుతుంది, దాని కింద ఒక్క మనిషికి కూడా నీడ పట్టదు. డివైడర్ల మీద పెట్టే రాయల్ పామ్ కూడా అంతే.

నన్నడిగితే మొదటి పేరు కానుగ. ఎండలు ముదిరే ముందు ఆకు రాల్చి వెంటనే కొత్త చిగురు వేసుకుంటుంది, మే నాటికి దట్టమైన గొడుగు, పెద్దగా నీళ్ళు కూడా అడగదు. వేప కూడా అలాంటిదే, ఉగాది పచ్చడిలోకి మనం పువ్వు దూసుకునే వేళకి దాని కొత్త ఆకు వచ్చేసి ఉంటుంది. 2021 నుంచి తెలంగాణలో వేపలకి కొమ్మలు చివర్ల నుంచి ఎండే తెగులు కనిపిస్తోంది, చాలా చెట్లు మళ్ళీ చిగురిస్తాయి, ఎండిందని కంగారుపడి కొట్టేయకండి. స్థలం ఉంటే నేరేడు, చింత, మామిడి. చిన్న వీధికి పొగడ, ఏడాది పొడవునా ఆకుంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది. రావి, మర్రి మాత్రం గుడికో పార్కుకో చెరువు గట్టుకో, ఇంటి ముందుకి కాదు.

త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

వద్దు. ఎండని తట్టుకుంటుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, అందుకే రోడ్ల మధ్య అంతగా నాటారు. కానీ దాన్ని పొదలా కత్తిరించి పెంచుతారు కాబట్టి నడిచేవాళ్ళకి నీడ రాదు, వేళ్ళు పైపుల్లోకి చొరబడతాయన్న ఫిర్యాదులు, పుప్పొడి ఎలర్జీ ఫిర్యాదులు ఉన్నాయి. తెలంగాణలో హరితహారం మొక్కల్లోంచి దీన్ని పక్కన పెట్టారు, గుజరాత్ 2023లో నాటొద్దంది. మన కానుగ దొరుకుతుండగా దీని జోలికి ఎందుకు?

చెట్టు బదులు లాన్ వేస్తే సరిపోదా?

సరిపోదు. గడ్డి కూడా నీళ్ళను ఆవిరి చేస్తుంది కాబట్టి కాంక్రీటు కంటే నయమే, కానీ నీడ ఇవ్వదు, రోజూ నీళ్ళు తాగుతుంది, మే నెలలో ట్యాంకర్ ఆగితే వారంలో గోధుమరంగు చాప అయిపోతుంది.

వేర్లు పునాదిలోకి వెళ్తాయని భయం. ఎంత దూరంలో పెట్టాలి?

భయం న్యాయమైనదే, కానీ దూరం పాటిస్తే చాలు. కానుగ, పొగడ అయితే గోడ నుంచి 3 లేదా 4 మీటర్లు, వేప, నేరేడు అయితే 5 మీటర్లు, రావి మర్రి జాతివి కనీసం 10 మీటర్లు. సెప్టిక్ ట్యాంకుకి, పాత మట్టి పైపులకి ఇంకా దూరంగా పెట్టండి, వేరు తడిని వెతుక్కుంటూ వెళ్తుంది, కారే పైపు దాన్ని పిలిచినట్టే.

పైన కరెంటు తీగలున్నాయి, ఏం పెట్టాలి?

పారిజాతం, కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, గన్నేరు. పెద్ద చెట్టు పెట్టి ప్రతి ఏడాదీ నరికించుకోవడం కంటే ఇది మేలు.

## నాటడం, మొదటి రెండు వేసవులు

ఎండలు మండిపోతున్నాయి, ఇప్పుడే నాటేయనా?

ఆగండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, చేతిలో నీళ్ళ వసతి లేకుండా అప్పుడు నాటిన మొక్క బతకడం కష్టం. ఇప్పుడు గుంత తవ్వి వదిలేయండి, రెండు మూడడుగుల లోతు, అంతే వెడల్పు, ఎండకి ఆరనివ్వండి. మృగశిర దాటి రెండు మంచి వానలు పడ్డాక బాగా చివికిన పశువుల ఎరువు మట్టిలో కలిపి నాటండి. వీలైతే ఐదారడుగుల మొక్క తీసుకోండి, మేకలకు అందదు, ఊతకర్ర కడితే గాలికి వాలదు.

రోజూ మగ్గుతో నీళ్ళు పోస్తున్నా ఎండిపోతోంది, ఎందుకు?

పోసిన నీళ్ళు వేరుదాకా వెళ్ళట్లేదు. మా వీధిలో ఒకావిడ ఇదే అడిగితే, ఆవిడ నీళ్ళు పోసిన అరగంటకి గునపంతో పక్కన తవ్వి చూపించాను. పైన రెండంగుళాలు తడి, దాని కింద పొడి దుమ్ము. ఆ పైతడి మధ్యాహ్నానికి ఆరిపోతుంది, వేరు కూడా పైపైనే తిరగడం అలవాటు చేసుకుంటుంది. రోజూ మగ్గు బదులు మూడు నాలుగు రోజులకోసారి ఒక బకెట్, అంటే 15 నుంచి 20 లీటర్లు, సాయంత్రం, మెల్లగా ఇంకేలా పోయండి. చుట్టూ పాదు చేసి ఎండుటాకులు మూడు నాలుగంగుళాల మందాన పరచండి, కాండానికి తగలకుండా. ఊడ్చి తగలబెట్టే ఆకులతోనే సగం నీళ్ళు ఆదా అవుతాయి అన్నా నమ్మరు, చేసి చూడండి.

మాకే నీళ్ళు లేవు, ట్యాంకర్ కొనుక్కుంటున్నాం. చెట్లకు ఎక్కడినుంచి తేవాలి?

బియ్యం, కూరగాయలు కడిగినవి, ఏసీ గొట్టం నుంచి కారేవి, ఆర్‌వో ఫిల్టర్ వదిలేసేవి. ఆర్‌వో నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి వాటినే ఎప్పుడూ పోయకుండా మార్చి మార్చి పోయండి, కుండీలకు అసలు వద్దు. బట్టలుతికిన సబ్బునీళ్ళు చిన్న మొక్కలకు వాడకపోవడమే మంచిది. ఈ కష్టం మొదటి రెండు వేసవులదే, వేరు లోతుకి దిగాక కానుగ, వేప లాంటివి మన బకెట్ కోసం ఎదురుచూడవు.

చెట్టు చుట్టూ టైల్స్ వేసేస్తే శుభ్రంగా ఉంటుంది కదా?

చెట్టుకి అది గొంతు పిసికినట్టు. వాన నీళ్ళు దిగవు, వేరుకి గాలి అందదు, కాండం లావెక్కడానికి చోటుండదు. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మీ వీధిలో ఫుట్‌పాత్ వేస్తున్నప్పుడు అక్కడే నిలబడి ఆ ఒక్క మీటరు వదలమని మేస్త్రీకి చెప్పండి, సిమెంట్ ఆరాక చెబితే ఎవరూ పగలగొట్టరు.

## స్థలం లేనివాళ్ళకి

మాది మూడో అంతస్తు ఫ్లాట్, బాల్కనీ ఒక్కటే ఉంది. ఏం చేయగలను?

పడమర బాల్కనీ అయితే తీగ పాకించండి. పెద్ద కుండీ, గ్రిల్‌కి ఒక నైలాన్ వల, దాని మీద రాధామనోహరమో శంఖుపూలో బీరో. గ్రిల్ నిండా ఆకు అల్లుకుంటే గాజు తలుపు మీద ఎండ పడదు, అదే అసలు లాభం. కర్టెన్ గది లోపల ఉంటుంది కాబట్టి వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేస్తుంది, తీగ బయటే ఆపుతుంది. బీర, సొర లాంటివి జనవరి చివర్లో విత్తితే ఏప్రిల్‌కి ఆకు కమ్ముతుంది.

మిద్దె తోట పెడితే కింద గది చల్లబడుతుందా? స్లాబ్‌కి ఏమీ కాదా?

చల్లబడుతుంది, ఎందుకంటే పై అంతస్తు గదికి ఎక్కువ వేడి వచ్చేది స్లాబ్ నుంచే. కానీ నాలుగు కుండీలు పెట్టి చల్లబడలేదంటే ఎలా, స్లాబ్ మీద ఎంత మేర నీడ పడితే అంతే ఫలితం. పందిరి వేసి తీగ పాకిస్తే తక్కువ మట్టితో ఎక్కువ నీడ వస్తుంది, నేను ముందు అదే చెబుతాను. బరువు సంగతి జాగ్రత్త: మనుషులు తిరిగే డాబాని మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోల బరువుకి లెక్కవేసి కడతారు, తడిమట్టి అరడుగు మందాన పరిస్తేనే 250 కిలోలు దాటుతుంది. కాబట్టి నేరుగా మట్టి పరవద్దు, కొబ్బరిపొట్టు కలిపిన తేలికైన మిశ్రమం వాడండి, బరువైన కుండీలు బీముల మీదుగా, గోడల వారగా పెట్టండి, పాత ఇల్లైతే ఇంజనీరుకి చూపించాకే మొదలుపెట్టండి. కుండీల కింద ఇటుకలు పెడితే నీళ్ళు నిలవవు.

మొక్కలు కుదరని డాబాకి తెల్లటి కూల్ పెయింట్ వేయండి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే.

గదిలో మొక్కలు పెడితే ఏసీ అవసరం ఉండదా?

ఉంటుంది. గదిలో ఎండ లేదు కాబట్టి ఆపడానికీ ఏమీ లేదు, నాలుగు చిన్న కుండీలు వదిలే ఆవిరికి గది చల్లబడదు. కళ్ళకి హాయి, దానికోసమైతే తప్పకుండా పెట్టుకోండి.

వట్టివేళ్ళ తడికలు ఇప్పుడూ పనిచేస్తాయా?

గాలి పొడిగా ఉన్నచోట బ్రహ్మాండంగా పనిచేస్తాయి. తలుపుకో కిటికీకో కట్టి తడుపుతూ ఉంటే, బయటి వడగాలి ఆ తడివేళ్ళలోంచి దూరి చల్లబడి లోపలికి వస్తుంది, ఆ వాసన సరేసరి. కోస్తాలో ఉక్కపోత రోజుల్లో అంత తేడా కనిపించదు. తాటాకుతోనో కొబ్బరాకుతోనో వేసే చలువ పందిరి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది, రేకు షెడ్డులా కింద సెగ కొట్టదు.

## చెట్టు పెద్దయ్యాక

ప్రతి వేసవి ముందూ వచ్చి కొమ్మలు నరికేసి వెళ్తున్నారు. ఆపించలేమా?

తీగలకు తగిలే కొమ్మ తీయాల్సిందే, అందులో వాదన లేదు. బాధంతా మార్చిలో వచ్చి చెట్టుని మోడు చేసి వెళ్ళడం గురించి. మా వీధి మూలన కానుగ కింద ఒకాయన ఇస్త్రీ బండి పెట్టుకుంటాడు. ఒక ఏడాది సరిగ్గా చిగురేసే సమయానికి రెండు పక్కలా కొట్టేశారు, తీగ ఉన్నది ఒక పక్కే. ఆ ఏప్రిల్ మే అంతా ఆయన నీలం టార్పాలిన్ కట్టుకుని, బొగ్గుల పెట్టె సెగకి తోడు టార్పాలిన్ సెగ భరిస్తూ, పదకొండింటికే బండి మూసేసేవాడు. పూటకి సగం సంపాదన పోయింది. అప్పటినుంచి మేం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే అర్జీ ఇచ్చి వానలు తగ్గగానే కొమ్మలు తీయిస్తున్నాం, కొట్టేటప్పుడు ఇద్దరం దగ్గరుండి తీగ వైపు మాత్రమే చూపిస్తాం. చలికాలం గడిచేసరికి పక్క కొమ్మలు గుబురెక్కుతాయి.

రోడ్డు వెడల్పులో పాత చెట్టు పోయింది, బదులు పది మొక్కలు నాటారు. లెక్క సరిపోయినట్టేగా?

సరిపోలేదు. చల్లదనం ఆకు మేరని బట్టి వస్తుంది, మొక్కల సంఖ్యని బట్టి కాదు. నలభై ఏళ్ళ మర్రి గొడుగంత నీడ పది మొక్కలు ఇవ్వాలంటే అన్నీ బతికినా పదిహేను ఇరవై వేసవులు పడుతుంది, ఈలోగా ఆ బస్టాప్‌లో నిలబడేవాళ్ళ సంగతేంటి? చేవెళ్ళ దారిలో రోడ్డుకి రెండు పక్కలా ఉన్న ఆ వందల మర్రిచెట్ల కోసం జనం ఏళ్ళ తరబడి కొట్లాడింది అందుకే. నాటడానికి పెట్టే శ్రమలో సగం ఉన్న పెద్ద చెట్టు మీద పెట్టమని నేను అందరినీ బతిమాలుకుంటాను. తప్పనిసరి అయితే వేళ్ళతో సహా వేరేచోటికి మార్చమని అడగండి, మర్రి రావి జాతులు అలా బాగానే బతుకుతాయి.

మా సొంత స్థలంలో చెట్టే, కొట్టడానికి అనుమతి కావాలా?

కావాలి. 2002 నాటి వాల్టా చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి కాబట్టి ముందు అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. మీ పక్క స్థలంలో అనుమతి లేకుండా కొడుతుంటే ఫొటోలు తీసి అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

తుఫానులో మీద పడతాయి కదా, అంతకంటే లేకపోవడమే నయం కాదా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తర్వాత విశాఖ ఎలా బోసిపోయిందో చూసినవాళ్ళు ఇలా అడగడంలో తప్పులేదు. కానీ ఏవి పడతాయో చూడండి: కాంక్రీటు మధ్య చారెడు మట్టిలో పైవేరుతో నిలబడ్డవి, కేబుల్ కోసం ఒక పక్క వేరు నరికినవి, గబగబా పెరిగే పెళుసు కొమ్మల జాతులు. వేరుకి చోటిచ్చి, మొదటినుంచీ లోతుగా నీళ్ళు పోసి, వానాకాలం ముందు ఎండుకొమ్మలు తీయిస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. చెట్లు లేని వేసవిలో పోయే ప్రాణాలు కూడా ప్రాణాలేగా.

## వడగాడ్పు రోజున

చెట్టు నీడన ఉంటే వడదెబ్బ తగలదా?

తగలొచ్చు. వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పైన ఉంటే వడగాడ్పు అంటుంది, 45 దాటితే ఎలాగూ అంటుంది. అలాంటి రోజున నీడలో గాలి కూడా ఒంటి వేడి కంటే ఎక్కువే. నీడ మీకు సమయం ఇస్తుంది, ఆ సమయంలో నీళ్ళో మజ్జిగో తాగుతూ ఉండాలి. ఎవరైనా ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, తూలినా, తెలివి తప్పినా వెంటనే 108కి ఫోన్ చేసి, దగ్గర్లోని నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళతో తడిపి విసరండి. తెలివిలో లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు.